అడుగక తీసిన కణములు

లోకహితమునకై ఒకరి దేహభాగమును వారినడుగక గ్రహించుట ధర్మమగునా? 1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో బాధపడుచుండిన హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ కణితినుండి వైద్యులు కొన్ని కణములను తీసిరి. పరిశోధనకు ఇత్తువా యని ఆమెను అడిగినవారు లేరు. ఆనాటి ఆచారమదియే అందురు, ఆచారమైనంతమాత్రమున ధర్మమగునా? ఆ యేడే, తన 31వ యేట, ఆమె మరణించెను. కణములు మాత్రము ప్రయోగశాలలలో నేటికిని వృద్ధి చెందుచునే యున్నవి. పోలియో టీకా పరీక్షకు అవి తోడ్పడినవి. ఆ ఉపకారమును ఎవరు కాదనగలరు? అయినను ఇరువదేండ్లు దాటువరకు ఆమె బిడ్డలకు ఈ సంగతియే తెలియదు.

2013లో ఐరోపా శాస్త్రజ్ఞులు ఆ కణముల జన్యుక్రమమును కంప్యూటరు భాండాగారమున అందరికిని తెరచియుంచిరి. ఇచట విషయము మరింత సూక్ష్మమైనది. కణితి ఆమె యొక్కతెదే. జన్యులిపి యన్ననో బిడ్డలది, మనుమలది కూడ. నాడు తల్లిని అడుగకపోయిరి; నేడు సంతతినైన అడుగవలదా? కుటుంబము ఆక్షేపింపగా దానిని తొలగించిరి. ఆ ఆగస్టులోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థతో ఒడంబడిక కుదిరెను. ఆ లిపిని చూడగోరు పరిశోధకుల విన్నపములను పరిశీలించు సంఘమున లాక్స్ వంశీయులిద్దరికి స్థానము లభించెను.