ఎవరి బట్టలు?

బట్టలుతకడం బడిలో నేర్పవలసిన విద్య అని, గాంధీజీ ఆశ్రమాలను మినహాయిస్తే, మన విద్యావేత్తలు చాలాకాలం అనుకోలేదు. అది ఒక కులానికి పుట్టుకతోనూ, అన్ని కులాల స్త్రీలకు పెళ్ళితోనూ సంక్రమించే పని అని సంఘం తీర్మానించి ఊరుకుంది. అలా సంక్రమించే దానికి పాఠం దేనికి?

ఒక్కచోట మాత్రం అది పాఠమైంది, వికలాంగుల విద్యలో. మేధో వైకల్యం గల పిల్లల కోసం మద్రాసులో తయారైన ఒక మదింపు పద్ధతిలో పద్దెనిమిది రంగాలు, రంగానికి ఇరవై చొప్పున 360 అంశాలు ఉన్నాయి. చదవడం, రాయడం, లెక్కలతోపాటు దుస్తులు తొడుక్కోవడానికీ ఇంటిపనికీ అందులో సమాన స్థానం ఇచ్చారు. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ రూపొందించిన మదింపు పట్టికలో కూడా స్వీయ పోషణ, సాంఘిక ప్రవర్తన, చదువు, వృత్తి, వినోదం ఒకే వరుసలో కనిపిస్తాయి. అక్షరానికీ అంగీకీ సమాన గౌరవమిచ్చిన ఈ దృష్టిని నేను మనసారా అభినందిస్తాను.

నేర్పే తీరు కూడా గమనించదగినది. ఉతకడం ఒక పని కాదు, ఇరవై పనుల మూట. తెల్లవీ రంగువీ వేరుచేయాలి, జేబులు వెతకాలి, నానబెట్టాలి, మెడపట్టీకీ చేతుల అంచులకూ సబ్బు పట్టించి రుద్దాలి, జాడించాలి, పిండాలి, విదిలించి ఆరేయాలి, మడతపెట్టాలి. అనుభవం గల ఉపాధ్యాయులు చాలాసార్లు చివరి మెట్టు నుంచి మొదలుపెడతారు. అన్నీ తామే చేసి, దండెం మీది చొక్కాకు క్లిప్పు పెట్టడం మాత్రం పిల్లవాడికి వదులుతారు. అది వచ్చాక ఆరేయడం, తర్వాత పిండడం. ఇలా వెనక్కి నడిస్తే ప్రతిరోజూ పని పూర్తిచేసిన సంతోషం పిల్లవాడిదే అవుతుంది. క్లిప్పు నొక్కిన వేళ్ళకు పెన్సిలు పట్టే బలం కూడా వస్తుంది. ఒక చెయ్యి పనిచేయని అమ్మాయి తడిబట్టను నల్లా చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపి పట్టి మెలిపెడుతుంది. చూపులేనివారికి మెడపట్టీ లోపల దారపు ముడులే రంగులు: తెలుపుకు ఒకటి, నీలానికి రెండు. చక్రాల కుర్చీలోని పిల్లవాడికి బకెట్టు నేల మీద కాక పీట మీద ఉండాలి, దండెం ఛాతీ ఎత్తున ఉండాలి. ఆరడుగుల ఎత్తున దండెం కట్టి, వీడికి ఆరేయడం రాదని రాసుకుంటే లోపం ఎవరిది?

ఇక సీతాఫల్‌మండి సంగతి చూడండి. సికింద్రాబాదు స్టేషనుకు అవతల ఆ జాతీయ సంస్థ, ఇవతల ఈ పేట. రైల్వే కార్మికులూ, చిరుద్యోగులూ, ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గరని గది తీసుకున్న విద్యార్థులూ ఇక్కడి నివాసులు. ఇలాంటి గదుల్లో ఉండే యువకుడు ఎం.ఏ. చదువుతూ కూడా, మాసిన బట్టల సంచీ పండుగకు ఊరికి మోసుకుపోయి అమ్మ ముందు పడేయవచ్చు. అతని పేరు ఏ పట్టికలోనూ ఎక్కదు. స్వయంపోషకత్వం లోపించిందని ఎవరూ రాయరు. అదే పని రాని మేధో వైకల్యం గల కుర్రవాడిని మాత్రం పరాధీనుడంటాం. వికలాంగుడికి పెట్టే పరీక్ష తక్కినవారికి పెడితే, మన మగవారిలో ఉత్తీర్ణులయ్యేది ఎందరు?

ఇక్కడొక ఆక్షేపణ ఉంది, కొట్టిపారేయదగినది కాదు. "చదువు రాదని మా పిల్లవాడిని చాకలిపనికి దింపుతారా?" అని తల్లిదండ్రులు అడగవచ్చు. ఈ మాటలో కులదురహంకారం ఉంది, నిజమే. మైలబట్టలు ఉతికినవారినే మైల అన్న సంఘం నోట వచ్చిన మాట అది. నైజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల్లో ఆ పని వెట్టి. విసునూరు దేశ్‌ముఖుకు ఎదురుతిరిగి పంట నిలబెట్టుకున్న పాలకుర్తి ఐలమ్మ ఆ కులం మనిషే. కాని ఆ మాటలో భయం కూడా ఉంది, ఆ భయానికి ఆధారమూ ఉంది. ఐర్లాండులో దిక్కులేని స్త్రీలను బంధించి కూలి లేకుండా ఊరి బట్టలు ఉతికించిన మఠాల లాండ్రీలలో చివరిది మూతపడింది 1996లో. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2013లో. అమెరికాలో మానసిక చికిత్సాలయాల రోగులతో పని చేయిస్తే కనీస వేతన చట్టం వారికీ వర్తిస్తుందని న్యాయస్థానం తేల్చింది 1973లో. అంతవరకు ఆ చాకిరీకి చికిత్స అనే పేరు కూడా ఉండేది.

మనమేమీ తక్కువ తినలేదు. 1948 నాటి మన కనీస వేతనాల చట్టంలోని 26వ సెక్షను, వికలాంగ కార్మికులను ఆ చట్టం నుంచి మినహాయించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. చొక్కా తెల్లగా వచ్చిందా లేదా అన్నది కాక, ఉతికిన చెయ్యి వంకరా తిన్ననా అని చూసి కూలి కట్టే వీలుండేదన్నమాట.

కనుక ఆ తల్లిదండ్రులకు ఇవ్వవలసిన జవాబు బట్టల్లోనే ఉంది. తన బట్టలు తాను ఉతుక్కుంటే అది విద్య. హాస్టలు దుప్పట్లన్నీ శిక్షణ పేరిట అతనితో ఉతికిస్తే అది వెట్టి. పరాయి బట్టలు ఉతికి జీవించాలని అతనే కోరుకుంటే అది వృత్తి. దానికి పక్కవాడి కూలే అతనికీ ఇవ్వాలి, నచ్చకపోతే మానుకునే వీలుండాలి. అతనితోపాటు అన్నకూ తమ్ముడికీ ఇంట్లో బకెట్టు అందించడం తల్లిదండ్రుల వంతు.

ఎన్నేళ్ళు నేర్పినా ఉతకలేనివారు ఉంటారు. వారి కాళ్ళూ చేతులూ పూర్తిగా ఇతరుల సాయం మీదే కదులుతాయి. స్వావలంబనే కొలబద్ద అయితే వీరికి సున్నా వేయవలసివస్తుంది. కాని ఉదయం రెండు లంగాలు ఎదురుగా పట్టుకుని నిలబడితే, అలాంటి అమ్మాయి ఒకదాని వైపు చూపు తిప్పవచ్చు. ఆ చూపు కోసం ఎంతసేపు ఆగాలో, పొద్దున్నే పది మందికి బట్టలు తొడిగే ఆయాకు ఎవరైనా నేర్పారా? ఆగడానికి వీలైనంత మంది ఆయాలను నియమించారా?