వెంట వెళ్లేవాళ్లను అడిగామా?

సికింద్రాబాద్ ఒకరి వెంట ఒకరు వచ్చి నింపిన ఊరు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద హుస్సేన్‌సాగర్‌కు అవతల కంటోన్మెంట్ వెలిసింది. పటాలాల వెంట తమిళ కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. 1966 అక్టోబర్‌లో దక్షిణ మధ్య రైల్వే ఇక్కడ కేంద్రం పెట్టుకున్నాక, బదిలీల మీద వచ్చినవాళ్లతో రైల్వే క్వార్టర్లు నిండాయి. బదిలీ ఉత్తర్వులో ఉండేది ఒక్కరి పేరే. ఆ పేరు వెనకాల ఇల్లాలి స్నేహాలు, పిల్లల బడి, పెద్దవాళ్లకు అలవాటైన గుడి, డాక్టరు అన్నీ కదిలేవి. వాళ్లనెవరూ అడిగేవారు కాదు. తమను అడగాలని వాళ్లూ అనుకునేవారు కాదు.

ఇప్పుడు ఆ ప్రయాణం సముద్రాలు దాటింది. భర్తకో భార్యకో విదేశంలో సీటు వస్తుంది. రెండోవాళ్లు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, పెళ్లి సర్టిఫికెట్ కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ, పాస్‌పోర్ట్‌లో జీవిత భాగస్వామి పేరు చేర్పించుకోవడం కోసం పాస్‌పోర్ట్ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, బ్యాంకులో నిల్వ, స్పాన్సర్ ఎవరు, ఇలా ప్రతి ఫారం ఎన్నో అడుగుతుంది. నీకు వెళ్లాలని ఉందా అని అడగడం ఫారాల పని కాదు, ఇంటి పని. ఆ పని మనం చేస్తున్నామా?

మా పద్మారావు నగర్ వీధిలో ఒకమ్మాయి స్కూల్లో లెక్కల టీచరు. భర్తకు అమెరికాలో పీహెచ్‌డీ సీటొచ్చింది. వీసా స్టాంపింగ్ అయ్యాక, ప్రయాణం నాలుగు రోజుల్లో ఉందనగా చూడ్డానికి వెళ్లాను. హాల్లో పెట్టెలు తెరిచి ఉన్నాయి. ఒక్కో పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకూడదు కాబట్టి కొక్కెం తగిలించే చిన్న కాటాతో ఆమె తమ్ముడు తూకం వేస్తున్నాడు. భర్త పెట్టెలో పుస్తకాలు, ల్యాప్‌టాప్, చలికోట్లు. ఆమె పెట్టెలో ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ రేకులు, కందిపొడి, మూత చుట్టూ టేపు వేసి మూడు కవర్లలో చుట్టిన ఆవకాయ. కిలోన్నర ఎక్కువైంది, ఏదో ఒకటి తీయాలి. పక్కనే ఆమె సర్టిఫికెట్ల ఫైలు ఉంది. డిగ్రీ మెమోలు, బీఈడీ, టెట్, స్కూలు ఇచ్చిన సర్వీస్ సర్టిఫికెట్ అందులో ఉన్నాయి. అత్తగారు ప్రేమగానే అన్నారు: "ఇప్పట్లో నీకు వాటితో పనేముందమ్మా, నా బీరువాలో భద్రంగా ఉంటాయిలే." ఆ పిల్ల నా వైపు చూసింది. "ఏం చెయ్యమంటారు ఆంటీ?" అంది. పెట్టెలో వద్దు, నీ చేతిసంచిలో పెట్టుకో అన్నాను.

ఆ ఇంట్లో చెడ్డవాళ్లెవరూ లేరు. భర్త మర్యాదస్తుడు, అత్తగారు ఆపేక్ష గల మనిషి. అంతటి మంచివాళ్లున్న ఇంట్లో కూడా, బరువు ఎక్కువైనప్పుడు ముందుగా తీయదగినదిగా కనిపించింది ఒక మనిషి ఆరేళ్ల పని. నన్ను ఆలోచనలో పడేసింది అదే. ఒకరి జీవితం ఇంకొకరి జీవితంలోకి చడీచప్పుడు లేకుండా కలిసిపోవడానికి దుర్మార్గం అక్కర్లేదు, అలవాటు చాలు.

చట్టాలు ఆ అలవాటుకు తోడవుతాయి. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివే వ్యక్తి భార్యకు గానీ భర్తకు గానీ ఇచ్చేది ఎఫ్-2. దాని మీద ఉద్యోగం చేయకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. 2015 నుంచి పార్ట్ టైమ్‌గా చదువుకోవచ్చు గానీ పూర్తికాలం డిగ్రీ చేయాలంటే సొంతంగా ఎఫ్-1కి మారాలి. చదువు ముగిసి భాగస్వామికి హెచ్-1బి వచ్చినా, వెంట ఉన్నవాళ్లకు వచ్చేది హెచ్-4. దాని మీద పని అనుమతి దొరికేది సాధారణంగా గ్రీన్ కార్డు పిటిషన్ ఆమోదం పొందాకే. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత ఇదంతా. లెక్కల టీచరుకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. బ్రిటన్ 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్లు కుటుంబాన్ని తీసుకురావడానికే వీల్లేదంది. పరిశోధన కోర్సులకూ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లకూ మినహాయింపునిచ్చింది. కెనడా 2025 జనవరి నుంచి, పదహారు నెలలకు తగ్గని మాస్టర్స్, డాక్టరేట్, కొన్ని వృత్తి విద్యలు చదివేవారి భాగస్వాములకే ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తోంది. ఏ దేశం దారి దానిదే. అన్నిచోట్లా ఒకరు నిలబడి ఉంటే రెండోవారు ఆ నిలబడినవారి కాగితం మీద ఆధారపడి ఉంటారు. ఆ కాగితం పోతే ఇద్దరిదీ పోతుంది.

ఈ సంగతులు తెలిసీ, సంతోషంగా వెళ్తానని చెప్పేవాళ్లున్నారు. ఆ మాటను నేను గౌరవిస్తాను. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. వెళ్లనని చెప్పే వీలు లేనివాళ్ల నోట వెళ్తానన్న మాటకు విలువెంత? చాలాకాలం లేమిలో బతికినవాళ్లు తమ కోరికలను ఆ లేమికి సరిపడేలా కుదించుకుంటారని అమర్త్య సేన్ హెచ్చరించారు. చిన్నప్పటి నుంచి "ఆయన ఎక్కడుంటే అక్కడే" అని విని పెరిగిన అమ్మాయి నోట వచ్చే అంగీకారంలో ఆమె పాలెంత, పెంపకం పాలెంత అని విడదీసి చెప్పడం కష్టం. ఆమెకే కష్టం. కాబట్టి ఒకసారి అడిగి ఊరుకుంటే సరిపోదు. వద్దన్నా నీ మీద ఎవరికీ కోపం రాదన్న భరోసా ఇచ్చి అడగాలి.

త్యాగం గొప్పది కాదా అని అడిగేవారుంటారు. ఒక పరీక్ష పెట్టి చూద్దాం. భార్యకు సీటు వచ్చి, భర్త ఉద్యోగం మానేసి ఎఫ్-2 మీద వెంట వెళ్లాడనుకోండి. ఇప్పుడు అలాంటి జంటలు మన చుట్టూ ఉన్నాయి. ఆయన్ను ఎవరైనా త్యాగమూర్తి అంటారా? "అక్కడేం చేస్తావురా, వంట చేస్తావా?" అంటారు. చేసింది ఒకటే పని, వదులుకున్నదీ ఒకటే. మనం నిజంగా త్యాగాన్నే పూజిస్తుంటే ఆ మగవాడికీ హారతి పట్టాలి కదా. పట్టడం లేదంటే, ఆడపిల్ల విషయంలో మనం మెచ్చుకుంటున్నది ఆమె ఇచ్చిన దాన్ని కాదు, ఎదురుచెప్పకపోవడాన్ని. ఆ మెప్పు ఆమెకూ మేలు చేయదు, వెళ్లాలని మనసున్న మగవాడికీ మేలు చేయదు.

వెంట వెళ్లకుండా ఉండిపోయినవారి కథ మన చరిత్రలోనే ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1919లో శేషగిరిని పెళ్లాడారు. ఆయన వైద్యవిద్యకు మామగారు అండగా నిలిచారు. 1920ల ఆరంభంలో ఆయన హార్వర్డ్‌లో చదవడానికి భార్యను ఇక్కడే వదిలి ఓడెక్కారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన తిరిగి రాలేదు. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అక్కడ ఆయన చేసిన పని మానవాళికి దక్కిన వరం. కండరాల్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో సైరస్ ఫిస్కేతో కలిసి తేల్చారు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, బోదకాలు జబ్బుకు మందు తెచ్చింది. లుకేమియా పిల్లలకు సిడ్నీ ఫార్బర్ ఇచ్చిన తొలి మందు ఆ ప్రయోగశాలల నుంచే వెళ్లింది. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడడం కృతఘ్నత. ఆనాటి అమెరికా కూడా భారతీయులను దగ్గరికి తీయలేదు. 1923లో వాళ్ల సుప్రీంకోర్టు మనవాళ్లు పౌరసత్వానికి అర్హులు కారంది. ఆ తలుపు తెరుచుకున్నది 1946లో. తప్పంతా ఒక్క మనిషి మీద వేయడం న్యాయం కాదు. అయినా ఆ పాతికేళ్ల లెక్కలో శేషగిరి గారి పేరు ఎక్కడ రాయాలి? ఆమె ఎదురుచూపు కూడా ఆ మందులకు పెట్టుబడే. మనం సుబ్బారావు జయంతులు చేసుకుంటాం. ఆమె పేరు ఎంతమందికి తెలుసు?

ఈ ప్రశ్న మన ఆడవాళ్లకు కొత్తది కాదు. వాల్మీకి రామాయణంలో సీత వాదించి, ఏడ్చి, కోప్పడి తన మాట నెగ్గించుకుని అడవికి వెళ్లింది. లక్ష్మణుడు ఊర్మిళను అడిగినట్టు కవి చెప్పలేదు. తెలుగు ఆడవాళ్లు ఆ ఖాళీని గమనించి 'ఊర్మిళాదేవి నిద్ర' అని ఒక పాటే కట్టుకున్నారు. అందులో ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే, ఎవరో పరాయి మగవాడనుకుని మందలిస్తుంది. పద్నాలుగేళ్లు పక్కన లేని మనిషిని గుర్తుపట్టకపోవడంలో ఆశ్చర్యమేముంది? తెలిసిన కథలో తెలియని మనిషి బాధను వెతికి పట్టుకోవడమే మానవత్వం. ఆ పని మన అమ్మమ్మలు చేశారు.

మరి ఏం చేయాలి? ప్రేమించినవాళ్ల చదువును ఆపాలా? వద్దు. విడిగా ఉండిపోవాలా? కొందరికి అదే మేలు కావచ్చు, అందరికీ కాదు. నాకు ఇక్కడ జాన్ స్టువర్ట్ మిల్ గుర్తొస్తారు. 1851లో హారియట్ టేలర్‌ను పెళ్లాడే ముందు ఆయన ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టారు. ఆనాటి వివాహ చట్టం భార్య మీద, ఆమె ఆస్తి మీద భర్తకిచ్చే అధికారాలను తాను అంగీకరించడం లేదనీ, వాటిని ఏ పరిస్థితిలోనూ వాడబోననీ అందులో మాటిచ్చారు. ఆ కాగితం చట్టాన్ని మార్చలేదు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. కానీ చట్టంలోని అన్యాయం తమ గడప దాటి లోపలికి రాకుండా ఒక మనిషి అడ్డం నిలబడవచ్చని అది చూపించింది. వీసా చట్టం ఇద్దరిలో ఒకరికి పెత్తనం ఇస్తుంది. ఆ పెత్తనాన్ని ఇంట్లో వాడబోనని చెప్పడం ఆ ఒకరి చేతిలో ఉంది.

ప్రేమలో లెక్కలేమిటని కొందరికి అనిపిస్తుంది. నేనూ లెక్కలు తీయమనడం లేదు. అడగడం వేరు, లెక్క తీయడం వేరు. ఇచ్చేవారికి ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ ఉన్నప్పుడే ఇచ్చినది కానుక అవుతుంది. లేకపోతే అది వసూలే. మనిషిని ఎప్పుడూ కేవలం సాధనంగా చూడకు, ఆ మనిషే ఒక లక్ష్యమని గుర్తుంచుకో అన్నాడు కాంట్. ఆ మాటకు అన్నిటికంటే కఠినమైన పరీక్ష మనింట్లోనే జరుగుతుంది. చదువుకునేవారి కష్టం కూడా చిన్నదేం కాదు. కొత్త దేశం, చాలీచాలని స్టైపెండ్, ప్రయోగాలు ఫలించని నెలలు. వాళ్లకూ తోడు కావాలి. తోడు కోరుకోవడంలో తప్పు లేదు. తోడొచ్చిన మనిషి పేరు, పని, రోజు తన కళ్లముందే కరిగిపోతుంటే చూడకపోవడం తప్పు.

కాబట్టి టికెట్లు బుక్ చేసేముందు ఒక సాయంత్రం, అత్తమామలూ అమ్మానాన్నలూ లేకుండా, మీరిద్దరే కూర్చోండి. నేను చదువుకునే ఐదేళ్లలో నువ్వేం చేయాలనుకుంటున్నావు? నీ పార్ట్ టైమ్ చదువుకు స్టైపెండ్‌లోంచి ఎంత తీద్దాం? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉందా? నా చదువయ్యాక ఎక్కడుండాలో తేల్చేటప్పుడు నీ ఉద్యోగాన్ని ముందు చూద్దామా? అక్కడ నీకు ఊపిరాడకపోతే వెనక్కి రావడానికి డబ్బు పక్కన పెట్టామా? చివరగా, అసలు నీకు వెళ్లాలని ఉందా? జవాబు "లేదు" అయితే ఆ రాత్రే దాన్ని మార్చాలని చూడకండి. "ఉంది" అయితే, ఏయే షరతుల మీదో రాసుకోండి. ఏడాదికోసారి తీసి చదవండి.

పెద్దవాళ్లకూ ఒక మనవి. వీసా వచ్చిన అమ్మాయితోనో అబ్బాయితోనో "నీకేం, హాయిగా ఇంట్లో ఉండొచ్చు" అనకండి. అక్కడికెళ్లి నువ్వేం చేస్తావని ప్రేమగా అడగండి. చెప్పేదాకా ఓపిగ్గా కూర్చుని వినండి. వెళ్లడం తప్పు కాదు, ఉండిపోవడం తప్పు కాదు. ఒక మనిషి బతుకును ఆ మనిషిని అడగకుండా తేల్చేయడమే తప్పు.