పూటకూళ్లవాని వంతు

ఏ మిషను ఆసుపత్రి వార్షిక నివేదికను తెరచి చూచినను సాధారణముగా రెండు పట్టికలు కనబడుచుండును. మొదటిది సిబ్బందిని గూర్చిన వార్తలు. క్రొత్తగా చేరిన వైద్యులు, పై చదువులకు పంపబడిన నర్సులు, ముప్పది సంవత్సరములు మందులు కలిపి పదవీ విరమణ చేసిన కాంపౌండరు, ఆ యేట ప్రభువునందు నిద్రించిన వంటమనిషి, వీరి పేర్లు అందుండును. రెండవది దాతల జాబితా. మంచమునకు ఇంత, పరుపునకు ఇంత, గదికి ఇంత అని రూపాయలతో సహా పేర్లు వరుసగా నుండును. చదువరి మొదటి పట్టికను త్వరగా దాటి రెండవదానియొద్ద ఆగును. అక్కడ తన పేరుగాని తన సంఘము పేరుగాని యున్నదేమోయని వెదకును.

ఈ పట్టికలు వేరువేరు పుటలలో నుండుటచేత ఒక తలంపు తెలియకుండనే మనస్సులో స్థిరపడుచున్నది. రెండవ పుటలోనివారు ఇచ్చినవారు, మొదటి పుటలోనివారు పుచ్చుకొన్నవారు అనునదే ఆ తలంపు. దాత ధర్మము చేసెను. ఉద్యోగి జీతము తీసికొనెను. ఇది నిజమేనా? జీతము పుచ్చుకొని చేయు పని దేవుని యెదుట అర్పణ కాగలదా? లేక వెల ముట్టినందున అది అక్కడితో తీరిపోయిన లెక్కయేనా?

ఇది తీరికవేళ చర్చించుకొను ప్రశ్న మాత్రమే కాదు. ఉద్యోగి పని కేవలము కూలియే యైనయెడల, అతనియొద్ద గంటల లెక్క తప్ప మరేమియు ఆశించు హక్కు సంఘమునకు లేదు. అది కేవలము త్యాగమే యైనయెడల, అతని జీతమును గూర్చి ఆలోచింపవలసిన బాధ్యతయు సంఘమునకు లేకుండపోవును. ఈ రెండు తలంపులలో ఏదైనను ఆసుపత్రిని పాడుచేయుటకు చాలును.

లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని కథ ఎరుగని క్రైస్తవుడుండడు. ఆసుపత్రులకు అతని పేరు పెట్టిరి. గోడలమీద అతని చిత్రములు వ్రాయించిరి. ఆ కథలో మరియొకడున్నాడు. అతనిని గూర్చిన ప్రసంగములు అరుదు. అతడే పూటకూళ్లవాడు. సమరయుడు గాయపడినవానిని చూచి కనికరపడి, నూనెయు ద్రాక్షారసమును పోసి, గాయములు కట్టి, తన వాహనముమీద ఎక్కించి, పూటకూళ్ల యింటికి చేర్చి పరామర్శించెను. మరునాడు రెండు దేనారములిచ్చి తన దారిని వెళ్లెను. ఆనాటి కూలివాని దినవేతనము ఒక దేనారమని మత్తయి సువార్త 20వ అధ్యాయమువలన తెలియుచున్నది. అనగా అతడిచ్చినది రెండు దినముల కూలి. అటుపిమ్మట కట్లు మార్చవలసినదెవరు? జ్వరముతో మూలుగుచున్నవానికి అర్ధరాత్రి నీళ్లు త్రాగించవలసినదెవరు? పక్కబట్టలు ఉతుకవలసినదెవరు? పూటకూళ్లవాడును అతని యింటివారును.

అతని గుణమును గూర్చి ప్రభువు ఒక్క మాటయు చెప్పలేదు. మంచివాడనిగాని పిసినారియనిగాని అనలేదు. కాబట్టి అతనిని పరిశుద్ధునిగా చేయనక్కరలేదు. అయినను ఒక సంగతి స్పష్టము. మరునాటి ఉదయము మొదలుకొని సమరయుని కనికరము పూటకూళ్లవాని చేతులమీద ఆధారపడెను. అతడు అశ్రద్ధ చేసినయెడల దేనారములును నూనెయు ద్రాక్షారసమును వ్యర్థమైపోవును. అంతేకాదు, ఇంకను ఖర్చయినది తాను తిరిగి వచ్చినప్పుడు తీర్చెదనని సమరయుడు మాటయిచ్చెను. ఆ మాటను నమ్మి ముందుగా తన చేతిసొమ్ము పెట్టవలసినవాడు పూటకూళ్లవాడే. ఆ యింట పుచ్చుకొన్నవాడు కూడ ఇయ్యవలసినవాడాయెను.

అయినను ఒక ఆక్షేపణ కలదు. పూటకూళ్లు అతని వృత్తి, రూకలు ముట్టినవి, అది వర్తకమే గాని ధర్మమెట్లగును? ఈ ఆక్షేపణకు బలమున్నది. దానికి ప్రత్యుత్తరము ఆసుపత్రి వార్డులో దొరకును. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. లేనియెడల ఒకేచోట ఒత్తిడి పడి, రక్తప్రసారము తగ్గి, చర్మము చెడి పుండ్లు పడును. ఇది నర్సునకు నేర్పబడిన విధి, దానికి జీతమున్నది. కాని రాత్రి రెండు గంటలకు, పైవారెవరును చూడనప్పుడు, త్రిప్పితినని పుస్తకములో వ్రాసి కూర్చుండుటయు, నిజముగా లేచి త్రిప్పుటయు జీతపు లెక్కలో సమానమే. నెలాఖరున రెంటికిని అదే మొత్తము వచ్చును. ఆ రెంటి మధ్యనున్న దూరమునకు వెల కట్టగల యజమాని లేడు. ఆ దూరమును నడచినది ఇచ్చిన మనిషియే. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు, మనుష్యుల కన్నులకు కనబడుటకు గాక ప్రభువు నిమిత్తమని పని చేయవలెనని బోధించినది జీతము సైతము లేని దాసులకు. పని మరియొకరి ఆజ్ఞవలన వచ్చినను, అందలి యథార్థత చేయువాని అర్పణగానే నిలుచును.

దానము భవనమును కట్టును గాని భవనము రోగిని బాగుచేయదు. తెలుగువారు రాయవేలూరని పిలుచుకొను వేలూరు చరిత్ర ఇందుకు నిదర్శనము. 1900లో డాక్టరు ఐడా స్కడర్ తండ్రి బంగళాలోని చిన్న గదిలో స్త్రీలకు వైద్యము ఆరంభించెను. న్యూయార్కులోని షెల్ అను ధనికుడు తన భార్య జ్ఞాపకార్థము 10,000 డాలర్లు ఇచ్చియుండెను. ఆ సొమ్ముతో 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి 40 మంచములతో తెరువబడెను. అది గొప్ప దానమే. కాని మంచములు నిండిన కొలది ఒక వైద్యురాలి చేతులు చాలవని తేలెను. అందుచేత ఆమె 1909లో నర్సుల శిక్షణను, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాలను ప్రారంభించెను. దాత యిచ్చిన మంచముల ప్రక్క నిలుచు మనుష్యులను సిద్ధపరచుట ఆమె జీవితకార్యమాయెను. కాట్పాడి స్టేషనులో దిగి ఆ ఆసుపత్రికి వెళ్లు తెలుగు రోగులు నేటికిని ఆ రెండు విధములైన దానములవలన మేలు పొందుచున్నారు.

ఆ వేలూరులోనే ఇచ్చుటకును పుచ్చుకొనుటకును మధ్యనున్న గోడ ఒకసారి పూర్తిగా పడిపోయెను. 1954లో డాక్టరు మేరీ వర్గీస్ అను యువ వైద్యురాలు మోటారు ప్రమాదములో వెన్నెముక దెబ్బతిని నడుము క్రింద చచ్చుపడెను. రోగులను లేవనెత్తినామెయే ఇతరులచేత ఎత్తబడు రోగియాయెను. తరువాత ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. అటుపిమ్మట విదేశములో శిక్షణ పొంది వచ్చి, అంగవైకల్యము కలిగినవారిని తిరిగి జీవితమునకు సిద్ధపరచు పనికి నాయకత్వము వహించెను. 1966లో దానికొక ప్రత్యేక సంస్థయు తెరువబడెను. ఆమె పేరు సిబ్బంది పట్టికలో వ్రాయవలెనా, రోగుల పట్టికలోనా, దాతల పట్టికలోనా? మూడింటిలోను వ్రాయవచ్చును.

ఆంధ్రదేశమునందును ఇట్టి పాఠములున్నవి. 1883లో గుంటూరు చేరిన డాక్టరు అన్నా కుగ్లర్ పట్టము పొందిన వైద్యురాలై యుండియు, మొదట బోధనకే నియమింపబడెను. రోగులు ఆమెను వెదకికొని వచ్చిరి. 1898లో ఆమె ఆసుపత్రి తెరువబడెను. తన కుటుంబమునకు దొరకిన చికిత్సకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారొకరు ఆసుపత్రి యెదుట ఒక సత్రమును కట్టించిరి. అది రోగుల బంధువుల కొరకు. దూరపు పల్లెనుండి బండిలో రోగిని తెచ్చినవారికి వంట చేసికొనుటకు పొయ్యియు, తల దాచుకొనుటకు కప్పును కావలెను గదా. దాత తనకు నచ్చినది గాక వారికి కావలసినదేదో కనుగొనుట దానములోని వివేకము. అట్లే నిజామాబాదు ప్రాంతమున డాక్టరు ఇసబెల్ కెర్ కుష్ఠరోగుల కొరకు పాటుపడినప్పుడు, హిందూ దాతయైన రాజా నర్సాగౌడ్ ధనసహాయము చేసెను. 1915లో డిచ్‌పల్లిలో ఆ ఆసుపత్రి ఆరంభమాయెను. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు చూపించినది కూడ స్వజనుని కాదు, అన్యునిగా ఎంచబడిన సమరయుని. క్రైస్తవ ఆసుపత్రులు క్రైస్తవుల సొమ్ముతోనే నిలిచినవనుకొనుట చరిత్రకును సువార్తకును విరుద్ధము.

ఇచ్చువానికిని, పనిచేయువానికిని, సంస్థకును వేరువేరు శోధనలున్నవి. ఇచ్చువాని శోధన అధికారము. శిలాఫలకముమీద పేరున్నవాని మేనల్లుడు వచ్చినప్పుడు, ముందుగా వచ్చి బల్లమీద కూర్చున్న ముసలమ్మ వరుస తప్పిపోవును. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి స్థలమును, దరిద్రునికి పాదపీఠమును చూపించుటను యాకోబు గద్దించెను. ఆ గద్దింపు ఆసుపత్రి వరండాకును వర్తించును. దానము చేసి వరుసను కొనుక్కొన్నవాడు దానము చేయలేదు. గది అద్దెను ముందుగా చెల్లించెను.

పనిచేయువాని శోధన చేయి చాచుట. పుట్టిన బిడ్డను తండ్రికి చూపించుటకు, రోగిని బండిమీద త్రోయుటకు, శవమును అప్పగించుటకు డబ్బు అడుగు దురాచారము ఎన్నో ఆసుపత్రులలో కలదని అందరెరుగుదురు. అది జీతమునకు పైచిలుకు కాదు. సమరయుడిచ్చిన దేనారములు తీసికొని గాయపడినవాని సంచిని కూడ వెదకుట.

సంస్థ శోధన వీటన్నిటికంటె సూక్ష్మమైనది, ఏలయనగా అది భక్తి మాటలాడును. జీతములు నెలల తరబడి నిలిచిపోయినప్పుడు, ఇది సేవ గదా, త్యాగము చేయవలెను గదాయని కమిటీవారు చెప్పుదురు. త్యాగము స్వేచ్ఛగా చేయువాడు చేయవలసినది. ఒకని తరపున మరియొకడు త్యాగము చేయలేడు. కూలివాని కూలి తెల్లవారువరకు నిలుపకూడదని లేవీయకాండము ఆజ్ఞాపించెను. పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రభువే సెలవిచ్చెను. స్వీపరు పిల్లల బడి ఫీజు కట్టబడకుండగా, ఆ ఆసుపత్రి ద్వారముమీద ప్రేమను గూర్చిన వాక్యము వ్రాయించుట దేవునికి ఇంపుగా నుండునా? గల్ఫు దేశములకో ఇంగ్లాండునకో వెళ్లిన నర్సును ధనాపేక్షగలదని తీర్పు తీర్చువారు, ఆమె పంపు సొమ్ముతో చెల్లెలు చదువుచున్నదేమో, తండ్రి అప్పు తీరుచున్నదేమో ఒకసారి విచారింపవలెను. ఇక్కడ ఆమెకు న్యాయమైన జీతము ఇచ్చితిమా అని సంస్థయు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

సంఘమునకు వచ్చిన పరీక్షయు ఈ దేశము చూచినది. 2020 మార్చి 22వ తేదీ సాయంకాలము, కరోనా వేళ పనిచేయువారి గౌరవార్థము దేశమంతట జనులు చప్పట్లు చరచిరి, పళ్లెములు మ్రోగించిరి. అదే కాలమున కొందరు ఇంటి యజమానులు తమ యిండ్లలో అద్దెకున్న నర్సులను వైద్యులను ఖాళీ చేయుమనిరి. ఏప్రిల్ నెలలో చెన్నైలో, కరోనాతో మరణించిన ఒక వైద్యుని సమాధి చేయనీయక గుంపు దాడి చేసెను. చప్పట్లకు ఖర్చు లేదు. అద్దెకు గది ఉంచుటకును, సమాధికి ఆరడుగుల నేల ఇచ్చుటకును ధైర్యము కావలెను. పనిచేయువారికి కృతజ్ఞత నిజముగా చెల్లింపబడునది అక్కడనే.

నిర్గమకాండములో ప్రత్యక్షగుడారము కట్టిన వృత్తాంతమును చదువువారు ఒక విశేషమును గమనింపవచ్చును. 35వ అధ్యాయమున ప్రజలు బంగారమును, వెండిని, నారబట్టలను తెచ్చిరి. ఆ అధ్యాయమందే స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చిరి. బెసలేలు, అహోలీయాబు అను పనివారి పేర్లు వ్రాయబడెను. తెచ్చినవారిని ఒక పుటలోను చేసినవారిని మరియొక పుటలోను పెట్టలేదు. ఇరువురి హృదయమును ప్రేరేపించినవాడు ఒక్కడే. 38వ అధ్యాయమున బంగారము 29 తలాంతుల 730 తులములని లెక్క కూడ చూపబడెను. ఇచ్చినది ఎంతయో, దానితో చేసినదేమో బహిరంగముగా చెప్పుట భక్తికి తక్కువకాదు. అది భక్తిలో భాగమే.

కాబట్టి మొదటి ప్రశ్నకు ఉత్తరము ఇట్లుండును. జీతము అర్పణను రద్దుచేయదు. అర్పణ జీతమును రద్దుచేయదు. దాత రూపాయియు, నర్సు మేల్కొన్న రాత్రియు ఒకే కనికరమునకు రెండు చేతులు. ఏ చేయి లేకున్నను గాయపడినవాడు దారిప్రక్కనే పడియుండును.

ఈ సత్యమును నమ్మిన సంఘము చేయగల పనులు పెద్దవి కావు. వంట చేయునప్పుడు పిడికెడు బియ్యము తీసిపెట్టు తల్లులు, ఆ పిడికెళ్లలో కొన్నిటిని రోగుల వంటశాలకు పంపవచ్చును. యౌవనులు రక్తదానము చేయవచ్చును. దానికి ధనము అక్కరలేదు. ఒక్కసారి ఇచ్చి మరచిపోవుటకంటె, సమరయునివలె తిరిగి వచ్చి ఇంకను ఎంత ఖర్చయినదని అడుగుట మేలు. ఏలయనగా దూదియు, మందులును, జీతములును ప్రతి నెల కావలెను. ఆదివారపు ప్రార్థనలో దాతలను జ్ఞాపకము చేసికొను కాపరి, ఆ నెలలో రాత్రి డ్యూటీలోనున్న ఆయా పేరును, పదవీ విరమణ చేసిన వార్డుబాయి పేరును కూడ పలుకవచ్చును. నివేదిక చేతికి వచ్చినప్పుడు చదువరి మొదటి పట్టికను దాటిపోక, ఆ పేర్లను ఒక్కొక్కటిగా చదివి దేవుని స్తుతించుట తగును. తన కానుకను రోగియొద్దకు చేర్చినవారు వారే.