దేశాంతర మరణం, విమాన ప్రయాణం

తండ్రి పోయినప్పుడు దూరదేశంలో ఉన్న కొడుకుకు మైల ఏనాటి నుంచి మొదలవుతుందన్న ప్రశ్న పైకి ఆచారానికి సంబంధించినదే అయినా, దూరమంటే ఏమిటన్న తాత్త్విక విచారం అందులో ఇమిడి ఉంది. జ్ఞాతి మరణవార్త పది రోజుల లోపల వింటే మిగిలిన రోజులకే అశౌచమనీ, ఆ గడువు దాటాక వింటే మూడు రాత్రులనీ, ఏడాది గడిచాక వింటే స్నానంతోనే శుద్ధి అనీ మనుస్మృతి విధించగా, తల్లిదండ్రుల విషయంలో మాత్రం కొడుకు ఎంత దూరాన ఉన్నా విన్ననాటి నుంచి పూర్తిగా పది రోజులు పాటించవలసిందేనని మితాక్షర వంటి వ్యాఖ్యానాలు నిర్ణయించాయి.

దేశాంతరానికి స్మృతికారులు చెప్పిన లక్షణాలు పలు విధాలు. మధ్యలో పెద్ద నదో కొండో అడ్డుపడటం, భాష మారటం, 60 యోజనాల దూరం (కొందరికి 40, మరికొందరికి 30), పది రాత్రులలో వార్త చేరకపోవటం వాటిలో ముఖ్యమైనవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం సీమలో మొదటి రెండు లక్షణాలూ నిలవవు. అక్కడి బరంపురం వీధుల్లో తెలుగూ ఒడియా పక్కపక్క వాకిళ్లలోనే వినిపిస్తాయి కనుక భాషాభేదమే ప్రమాణమైతే పొరుగిల్లు దేశాంతరమవుతుంది. నదే హద్దయితే ఋషికుల్య ఆవలి ఒడ్డున ఉన్న గంజాం పట్టణమూ పరదేశమే. వార్తను బట్టి చెప్పిన లక్షణమే వీటన్నిటిలో లోతైనది. గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగూను కూలికి వెళ్లినవారికైనా, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లిన బరంపురం బిడ్డ వరాహగిరి వెంకటగిరికైనా, ఇంటి ఉత్తరం ఓడ వేగంతోనే అందేది. వార్త ఉత్తరం మీదే వచ్చినంతకాలం మనిషీ వార్తా ఒకే దారిన నడిచాయి కనుక దూరానికి కొలత ఒక్కటే సరిపోయింది.

ఇప్పుడా రెండూ విడిపోయాయి. భువనేశ్వర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మహావృత్తం మీద, అనగా భూగోళంపై రెండు చోట్లను కలిపే అతి చిన్న గీత వెంట, దాదాపు 12,900 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున ఆగకుండా ఎగిరినా 14 గంటలు దాటుతుంది, మజిలీలూ, భువనేశ్వర్ నుంచి బరంపురానికి సుమారు 170 కిలోమీటర్ల రోడ్డూ కలిస్తే ఒక రోజు మించిపోతుంది. మరణవార్త మాత్రం ఫోనులో నిమిషంలో చేరుతుంది. పరత్వాపరత్వాలు, అంటే దూరమూ దగ్గరా, చూసేవారి అపేక్షాబుద్ధిని (పోల్చి చూసే తెలివిని) బట్టి పుట్టే గుణాలని వైశేషికులు చెప్పినది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: ఒకే కాలిఫోర్నియా చెవికి సమీపం, దేహానికి దూరం.

ఈ తేడా తెలియకనే అద్దాల ఐసు పెట్టెలో తండ్రిని ఉంచి, పాడె వెదుళ్లు గోడకు ఆనించి, విమానం ఎక్కడిదాకా వచ్చిందోనని ఇంటిల్లిపాదీ ఫోను చూసుకుంటూ రెండు మూడు రోజులు నలిగిపోతున్నారు. ఆ నిరీక్షణ వెనుక ఉన్నది ప్రేమే గనుక దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే శాస్త్రం దాన్ని కోరలేదు. పెద్దకొడుకు అందుబాటులో లేకపోతే తమ్ముడో మరో జ్ఞాతో నిప్పు పెట్టవచ్చు. కొడుకు ధర్మం విన్న క్షణాన, ఉన్నచోటనే, స్నానంతో మొదలవుతుంది. పదో రోజుకు ఇల్లు చేరడానికి నేటి విమానాలు చాలినంత వ్యవధి ఇస్తున్నాయి. కనుక దహనాన్ని విమానవేళకు కట్టిపడేయవద్దని పెద్దలు బతికుండగానే బిడ్డలకు చెప్పి ఉంచడం మంచిది.