జాతి నిర్మాతల ఆత్మకథలు ఎందుకు చదవాలి

నీతిని సూత్రంగా కంఠస్థం చేయవచ్చు. మనిషి ఆ నీతిని ఎలా చేరుకుంటాడో మాత్రం జీవితంలోనే కనబడుతుంది. జాతి నిర్మాతలు తమ గురించి తాము రాసుకున్న పుస్తకాలు విద్యార్థికి అవసరమయ్యేది ఇందుకే.

గాంధీజీ ఆత్మకథ 'సత్యశోధన' 1925 నుంచి 1929 వరకు గుజరాతీ పత్రిక 'నవజీవన్'లో ధారావాహికగా వెలువడింది. సత్యంతో తాను చేసిన ప్రయోగాలుగానే ఆయన తన జీవితాన్ని చెప్పుకున్నారు. ప్రయోగమన్నాక విఫలమైనదాన్నీ నమోదు చేయాలి. అందుకే చిన్నతనంలో అన్న కడియం నుంచి బంగారం దొంగిలించడం, ఆ తప్పును చీటీ మీద రాసి మంచాన పడిన తండ్రికి ఇవ్వడం, తండ్రి కన్నీళ్లు పెట్టుకుని దాన్ని చించేయడం అందులో ఉన్నాయి. 1919లో రౌలట్ చట్టంపై ఉద్యమం హింసకు దారితీసినప్పుడు, ప్రజలను సిద్ధం చేయకుండానే శాసనోల్లంఘనకు పిలిచానని ఆయన బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ పొరపాటును హిమాలయంతో పోల్చారు. తప్పు ఒప్పుకుంటే నాయకత్వం చిన్నబోదని విద్యార్థి ఇక్కడ గ్రహిస్తాడు.

అంబేడ్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చాలా చిన్న రచన. 1901లో తండ్రి దగ్గరకు బయలుదేరి మసూర్ స్టేషన్‌లో దిగిన చిన్నారి అంబేడ్కర్‌కూ, తోటి పిల్లలకూ, వారి కులం తెలిశాక బండి దొరకడమే గగనమైంది. దారిలో తాగేందుకు నీళ్లూ దొరకలేదు. 1934లో, అప్పటి నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట దగ్గర చెరువు నీటితో కాళ్లూ ముఖమూ కడుక్కున్నందుకు ఆయన బృందం దూషణలు పడింది. రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువుల ప్రస్తావన ఎందుకు ఉందో, 17వ అధికరణం అంటరానితనాన్ని ఎందుకు రద్దు చేసిందో ఈ పేజీలు చదివినవారికి వేరే వివరించనక్కరలేదు. చట్టంలోని ఒక్కొక్క మాట వెనుక ఎంత దాహం ఉందో వారికి తెలుస్తుంది.

టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర' పేదరికంలో పెరిగిన పిల్లవాడి కథతో మొదలవుతుంది. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పోషించింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీసి చదువుకు దారి చూపారు. 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయిన వ్యక్తి వెనుక ఇంతమంది చేయూత ఉందని ఆ పుస్తకం చెబుతుంది. నెహ్రూ ఆత్మకథ చాలావరకు 1934–35లో జైలులో రాసినది. గాంధీజీపై అపారమైన గౌరవం ఉంచుకుంటూనే ఆయనతో ఎక్కడ ఏకీభవించలేదో నెహ్రూ అందులో దాచకుండా చెప్పారు. భక్తి వేరు, వివేకం వేరు; రెండూ ఒకే మనసులో ఇమడగలవు.

ఆత్మకథకు పరిమితులూ ఉన్నాయి. జ్ఞాపకం తడబడుతుంది, తన పనిని సమర్థించుకోవాలనే కోరిక ఎంతటివారికైనా ఉంటుంది. కాబట్టి ఒక్క పుస్తకంతో ఆగకూడదు. కుల వ్యవస్థ గురించి గాంధీజీ, అంబేడ్కర్ ఏమన్నారో పక్కపక్కన పెట్టుకుని చదివిన విద్యార్థి, ఇద్దరు మహనీయులు విభేదించిన చోట తానే ఆలోచించి తేల్చుకోవలసి వస్తుంది. జయంతినాడు పూలమాల వేయడానికి ఇంత శ్రమ అక్కరలేదు. పౌరుడిగా ఎదగడానికి మాత్రం ఈ శ్రమ తప్పదు.