క్రొత్త ప్రాసెసరు వచ్చినప్పుడు

బళ్లారిలోని మా బట్టల దుకాణమునందు 2018లో కొన్న డెస్క్‌టాప్ కంప్యూటరు ఒకటి కలదు. అందులోని ప్రాసెసరు ఇంటెల్ వారి కోర్ ఐ5-8400. బిల్లులు, సరకు నిల్వలు, జి.ఎస్.టి. లెక్కలు అన్నియు దాని మీదనే జరుగుచున్నవి. 2024 ఆగస్టులో ఎ.ఎం.డి. వారు రైజెన్ 9000 వరుసను విడుదల చేసిరి. అది మొదలు మా రెండవవాడు "నాన్నా, పాతది తీసి రైజెన్ 5 9600ఎక్స్ వేయిద్దాము" అని పోరు పెట్టెను. ఇంత చిన్న సంగతి ఈ సంచికలో వ్రాయదగినదా అని పాఠకులకు తోచవచ్చును. నాకును అట్లే తోచినది. కాని నిర్ణయము చేయబోవుసరికి ప్రశ్న నా వ్యాపారము మీదికే తిరిగినది.

మావాడు చెప్పినది అబద్ధము కాదు. రెండింటను ఆరేసి కోర్లే యున్నను, పాతదానిలో ఒక్కొక్క కోరు ఒక్క పనినే పట్టుకొనును, క్రొత్తదానిలో రెండేసి. పాతదాని వేగము 4 గిగాహెర్ట్జులు దాటదు, క్రొత్తది 5.4 వరకు పోవును. అయితే ప్రాసెసరు ఒంటరిగా రాదు. అది కూర్చుండు సాకెట్టు వేరు గనుక మదర్‌బోర్డు మార్చవలెను. ఆ బోర్డుకు డి.డి.ఆర్.5 మెమరీయే కావలెను గనుక మా డి.డి.ఆర్.4 పనికిరాదు. చల్లబరచు కూలరు పెట్టెలో ఇయ్యరు, విడిగా కొనవలెను. ఒక పోగు లాగిన అంచంతయు ఊడివచ్చు చీర వంటిదన్నమాట.

మా బాధ యేమనగా, ఉదయము స్విచ్చి వేసిన తరువాత టీ త్రాగి గ్లాసు క్రింద పెట్టినను బిల్లు తెర రాకుండెడిది. రిపేరు కుర్రవాడిని పిలిపించితిమి. అతడు టాస్క్ మేనేజరు తెరచి చూపెను. ప్రాసెసరు పదిపాళ్ల పని కూడ చేయుటలేదు. హార్డ్ డిస్కు మాత్రము నూటికి నూరు దగ్గర ఆయాసపడుచున్నది. "సావుకారుగారూ, వీడు ఖాళీగా కూర్చున్నాడు, ఈడ్చుకొనిపోతున్నది వాడు" అనెను. డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేసినాడు. ఇప్పుడు టీ చల్లారకముందే బిల్లు వచ్చుచున్నది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి భద్రతా మద్దతు ముగిసినది. విండోస్ 11కు మా ఎనిమిదవ తరము ప్రాసెసరు అర్హమే. ప్రక్క దుకాణము వారిది ఏడవ తరము. చక్కగా పనిచేయుచున్నను జాబితాలో లేదు. వారు క్రొత్తది కొనిరి. దానిని దురాశ యనుటకు నాకు నోరు రాదు.

శ్రావకుల పరిగ్రహ పరిమాణ వ్రతములో క్షేత్రము, వాస్తువు, ధనము, ధాన్యము మొదలగువానికి హద్దు ముందుగనే పెట్టుకొందురు. ముందుగా ఎందుకో బట్టల వ్యాపారికి వేరే చెప్పనక్కరలేదు. సరకు కంటిముందు పరచిన తరువాత గజంబద్దయే సాగిపోవును. అందుచేత మావానితో, "ధర చూడకముందు నీకు కావలసిన పని యేదో కాగితము మీద వ్రాయుము" అంటిని. వాడు తడబడునని, రెండు నీతివాక్యములు చెప్పవచ్చునని నా లోపలి ఆలోచన. వాడు వ్రాసి తెచ్చెను. పెండ్లి వీడియోలు కూర్చి నాలుగు డబ్బులు సంపాదించుచున్నాడట. రాత్రి పెట్టిన వీడియో తెల్లవారినను తయారుకాదట. ఆ సమయమున ప్రాసెసరు నూటికి నూరు పనిచేయుచుండునట. రాత్రి కూర్చుండి చూచితిని, నిజమే. నా నీతివాక్యములు నా యొద్దనే మిగిలినవి. దుకాణపు యంత్రము అట్లే యుండవలెననియు, వాని పనికి వాని సంపాదనతో వేరొకటి కొనుక్కొనవలెననియు ఒప్పుకొంటిమి.

ఇంతటితో తీరలేదు. కంప్యూటరు కంపెనీల వారు ఏటేటా నిన్నటి సరకును పాతది చేయుచున్నారని మావానితో వాదించినది నేనే. మరి ప్రతి దసరాకు సూరతు నుండి మూటలు దిగగానే "అది పాత డిజైను అమ్మా" అనునది ఎవరు? ఒక చిప్పులో పట్టు భాగముల సంఖ్య ఏటేటా రెట్టింపగుచున్నదని గార్డన్ మూరుగారు 1965లో వ్రాసిరి. 1975లో దానిని రెండేండ్లకొకసారి యని సవరించిరి. అనగా వారి క్రొత్తదనములో కొలువదగినది కొంత కలదు. నా చీరలో గళ్లు పోయి పువ్వులు వచ్చును, పువ్వులు పోయి గళ్లు వచ్చును. నిన్నటి చీర చిరుగలేదు, జరీ నల్లబడలేదు. దానిని పాతది చేసినది నా నాలుక. ఆ నాలుకతోనే పిల్లల ఫీజులు కట్టితిని, ఇల్లు కట్టితిని.

గడచిన దసరాకు, ఎన్నో ఏండ్లుగా వచ్చుచున్న ఒకామె నాలుగేండ్లనాటి చీర తెచ్చి, "అన్నా, ఇది ఇంకా కట్టుకోవచ్చునా, ఫ్యాషను పోయిందా?" అనెను. "భేషుగ్గా కట్టుకోవచ్చునమ్మా" అంటిని. ఆమె జాకెట్టు గుడ్డ మాత్రము కొనుక్కొని పోయెను. మావాడు నా వంక ఒకసారి చూచి బిల్లు తీసెను. వెనుకనే వచ్చినవారికి చీరలు పరచుచుండగా మాత్రము పాత మాటయే నోట వచ్చినది.