ఖండిత శాఖయందు జీవుడు

ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ అధ్యాయమున ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు వృక్షమును దృష్టాంతముగా చూపి, జీవుడు ఏ కొమ్మను విడుచునో ఆ కొమ్మ ఎండిపోవుననియు, చెట్టునంతను విడిచినచో చెట్టంతయు ఎండుననియు, జీవుడు విడిచిన దేహము మరణించునే గాని జీవుడు మరణింపడనియు బోధించెను. కొమ్మను జీవుడు విడుచుట సరియే. కొమ్మయే చెట్టును విడిచి బ్రదికినప్పుడు అందున్న జీవుడెవ్వడు? గులాబి కొమ్మలు నాటి పెంచువారికి ఈ ప్రశ్న కన్నులయెదుటనే నిలుచును.

కణుపు క్రింద ఏటవాలుగా కోసి ఇసుక కలిసిన మట్టిలో గ్రుచ్చిన కొమ్మకు తొలినాళ్ల ఆహారము తల్లిచెట్టు దానియందు కూడబెట్టినదే. ఆ నిలువతోడనే అది చిగురు కూడ వేయును. చిగురును చూచి వేళ్లు పుట్టెనేమోయని పెఱికి చూచినవాడు, చేజేతుల దానిని చంపుకొనును. తడి ఆరక నీడ చెదరక కొన్ని వారములు గడచినచో, కోసినచోట గాయము మానుచు తెల్లని బొడిపె కట్టి, ఆ చెంతనే బెరడు లోపలినుండి, అంతవఱకు ఆకులను పువ్వులను మోయుటయే తన పనిగానున్న కాండమునుండి, సన్నని తెల్లని వేళ్లు వెడలును. ఎన్నిమాఱులు చూచినను ఇది నాకు పరమాశ్చర్యము.

మహాభారతము శాంతిపర్వమున భృగుమహర్షి, వృక్షములు సచేతనములని భరద్వాజునకు నిరూపించుచు, నఱకినది మరల మొలచుటను ఒక హేతువుగా చెప్పెను. ఆ హేతువు జీవమున్నదని స్థాపించును గాని, అది ఎవరి జీవమో తేల్చదు. దీపమునుండి దీపము వెలిగినట్లని సమాధానపడుదమన్న, రెండవ దీపము మొదటిదాని వత్తిని తుంచుకొని పోదు. కొమ్మయో, తల్లి దేహమునే కొనిపోయినది. ఫ్రాన్సు దేశమున గియో అనువాడు 1867లో వెలయించిన ‘లా ఫ్రాన్స్’ గులాబి నేటికిని పూచుచున్నది. విత్తనమువలన ఆ గులాబి యథాతథముగా రాదు గనుక, ఆ జాతి మొక్కలన్నిటి కొమ్మలును అంటుకట్టుటచేతనో నాటుటచేతనో ఆ మొదటి మొక్కనుండి సాగివచ్చినవే.

జీవుని ఒకటి రెండని లెక్కింపదగిన వస్తువుగా భావించుటయే ఈ చిక్కునకు మూలమని నాకు తోచుచున్నది. కత్తి దేహమును ఖండించెనే గాని జీవుడు కొమ్మను విడువలేదు. కావుననే అది ఎండలేదు. ఉద్దాలకుని మాటకు ఇందు భంగము లేదు. కొమ్మకు వేఱు బ్రదుకు మొదలగునది మాత్రము కోసిన క్షణమున గాదు, తన వేళ్లతో తాను నీరు త్రాగిన నాడు.

కనుకనే కుండీ మార్చుదినములు మిక్కిలి సున్నితములు. ఆ లేతవేళ్లు పెళుసైనవి. మట్టి రాలినచో తెగును. సాయంవేళ మట్టిగడ్డ చెదరకుండ మార్చి, మెల్లగా నీరుపోసి, కొన్నినాళ్లు నీడనుంచి, పిదప ఉదయపుటెండకు కొంచెము కొంచెముగా అలవాటు చేయవలెను. క్రొత్త ఆకులు నిలదొక్కుకొనువఱకు ఎరువు జోలికి పోరాదు. మొదటి మొగ్గ కనబడినప్పుడు ఎంత ముద్దువచ్చినను తుంచివేయుడు. ఆ సారము వేళ్లకు కావలెను.